సంకల్పంలో లెక్క, రాతిలో చేప

2022 ఏప్రిల్, ప్రాణహిత పుష్కరాలు. మహారాష్ట్ర సిరోంచ ఘాటులో మా అక్క కొడుకు నడుం లోతు నీళ్ళలో నిలబడి దోసిలి పట్టాడు. ఒడ్డున పంతులు గారు సంకల్పం చెప్పిస్తున్నారు: "అద్య బ్రహ్మణః ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే..." వాడు అన్నీ పలికి, మూడు మునకలు వేసి పైకొచ్చాడు. తువ్వాలతో తల తుడుచుకుంటూ అడిగాడు: "మామా, పంతులు చెప్పింది తారీఖే గదా? మరి గిది ఎన్నేండ్లయితది?"

వాడికప్పుడు పదమూడేళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, దోస్తులతో కొంత మాడియా గోండి. బడిలో వాడికి సైన్సు చెప్పేది నేనే. ఇన్నేళ్ళుగా సంకల్పం వింటున్నాను కానీ, అది తారీఖు అన్న సంగతి ఇంత సూటిగా నాకెప్పుడూ తట్టలేదు. వాడి ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉందని కూడా తెలుసు. బడిలో నేను చెప్పే లెక్కా, ఘాటు మీద పంతులు గారు చెప్పే లెక్కా ఒకటేనా? ఒకటి కాకపోతే ఎవరు చెప్పేది నమ్మాలి?

ఆ రాత్రి కాగితం తీసుకుని ముందు పంతులు గారి లెక్క వేశాం. నాలుగు యుగాలు కలిస్తే ఒక మహాయుగం, 43,20,000 ఏళ్ళు. అలాంటివి వెయ్యి అయితే బ్రహ్మకు ఒక పగలు. దాన్నే కల్పం అంటారు, 432 కోట్ల ఏళ్ళు. ఈ కల్పంలో ఆరు మన్వంతరాలు గడిచిపోయాయి, నడుస్తున్నది ఏడోది, వైవస్వతం. అందులో 27 మహాయుగాలు అయిపోయి 28వదాని కలియుగంలో ఉన్నాం. మన్వంతరాల మధ్య సంధికాలాలు కూడా కలిపితే, ఈ కల్పం మొదలై సుమారు 197 కోట్ల ఏళ్ళు.

ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. ఫోన్లలో తెగ తిరిగే మాట ఒకటుంది: భూమి వయసు 454 కోట్ల ఏళ్ళని సైన్సు ఇప్పుడు చెబుతోంది, మన ఋషులు 432 కోట్లని ఎప్పుడో చెప్పేశారు అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 432 కోట్లు కల్పం మొత్తం నిడివి. సంకల్పం లెక్కలో ఇప్పటికి గడిచింది 197 కోట్లే. భూమి పుట్టి 454 కోట్ల ఏళ్ళయిందన్న మాటకు పక్కన పెట్టాల్సింది ఈ 197ను. రెండూ కలవవు. ఈ పోలిక పంపేవాళ్ళు పుష్కరాల్లో మునిగినప్పుడు పంతులు గారి మాట చెవిన వేసుకుని ఉంటే ఈ పొరపాటు చేసేవాళ్ళు కాదు. మన శాస్త్రాన్ని గొప్ప చేయాలనుకుని, అది నిజంగా ఏం చెబుతోందో చదవకుండా వదిలేశారు. నాకు బాధ కలిగించేది అదే.

మరి సంకల్పం ఆ లెక్క ఎందుకు చెబుతుంది? వరస గమనించండి. బ్రహ్మ ఆయుష్షుతో మొదలవుతుంది. కల్పం, మన్వంతరం, యుగం, పాదం అంటూ కాలం చిన్నదవుతూ వస్తుంది. తర్వాత జంబూద్వీపం, భరతవర్షం, ఫలానా నదీ తీరం అంటూ చోటు చిన్నదవుతూ వస్తుంది. చివరికి సంవత్సరం, మాసం, తిథి, వారం, ఆపైన గోత్రం, పేరు. అంతులేని కాలంలో, అంతులేని చోటులో, ఈ నీళ్ళలో నిలబడ్డ ఈ పిల్లాడు. అంత పెద్దదాని ముందు వాడి పేరు చెప్పుకునే వీలు కల్పించడం దాని పని. రాతి వయసు తేల్చే పని దానికి ఎవరూ అప్పగించలేదు.

రాతి వయసు తేల్చే పద్ధతి వేరే ఉంది. యురేనియం తనంతట తానే, మనం వేడి చేసినా చల్లార్చినా మారని వేగంతో, సీసంగా మారుతూ ఉంటుంది. ఒక రకం యురేనియం సగం తగ్గడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది. రాతిలో ఎంత యురేనియం మిగిలింది, ఎంత సీసం పోగైంది అని కొలిస్తే ఆ రాయి గట్టిపడి ఎన్నాళ్ళయిందో తెలుస్తుంది. భూమి మీది రాళ్ళు కరిగి, అరిగి, మళ్ళీ మళ్ళీ తయారవుతాయి కాబట్టి 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ భూమితో పాటే పుట్టిన ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు. ఆ తర్వాతి కొలతలు కూడా ఆ దగ్గరే నిలిచాయి. మన దేశంలోనూ అంత పాత సాక్ష్యం ఉంది. ఒడిశాలో కెందుఝర్ జిల్లా చంపువా దగ్గరి రాతిలో ఇసుక రేణువంత జిర్కాన్ అనే ఖనిజ స్ఫటికం ఒకటి 424 కోట్ల ఏళ్ళ నాటిదని 2018లో వెల్లడైంది.

ఇంత దూరం పోనక్కర్లేకుండా మా ఇంట్లోనే ఒక రాయి ఉంది. వంతెన లేని రోజుల్లో, పడవల మీద నది దాటే కాలంలో మా తాతకు ఒక పడవాయన ఇచ్చిన పెళ్ళ. దేవుడి గూటి పక్కన ఉంటుంది. బూడిద రంగు సున్నపురాయి, అరచేయంత. మధ్యలో మూడు పొలుసులు, గూనపెంకులు పేర్చినట్టు వాలుగా, ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. నీళ్ళు చల్లితే చింతగింజ రంగులో నిగనిగలాడతాయి. గోదావరి బొచ్చె పొలుసు వేళ్ళ మధ్య పెడితే వంగుతుంది. ఇది వంగే రకం కాదు. మన పన్ను మీద ఉండే పూతలాంటి గట్టి పూత దాని మీద ఉండేది, అందుకే ఆ మెరుపు ఇంకా పోలేదు. మా నాయనమ్మ దాన్ని చేపరాయి అనేది, ఏకాదశి నాడు బొట్టు పెట్టేది.

సిరోంచకు ఎగువన, ప్రాణహిత ఒడ్డునే కోట అనే ఊరుంది. ఆ ఊరి పేరుతోనే ఈ రాతి పొరలను ప్రపంచమంతా 'కోట ఫార్మేషన్' అంటుంది. జురాసిక్ కాలం తొలి, మధ్య భాగాల నాటివి, అంటే సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటివి. ఇలాంటి పొరకు వయసు కట్టేటప్పుడు అందులోని జీవులను, వయసు తెలిసిన ఇతర పొరల్లోని జీవులతో పోల్చి చూస్తారు. అందుకే కొన్ని కోట్ల ఏళ్ళ అటూ ఇటూ మాట్లాడతారు తప్ప ఒకే అంకె మీద కూర్చోరు.

ఈ రాళ్ళ కథలో నన్ను పట్టి లాగే మనిషి స్టీఫెన్ హిస్లాప్. స్కాట్లండ్ నుంచి 1845లో నాగపూర్ వచ్చిన క్రైస్తవ మత ప్రచారకుడు. పగలు బోధన, తీరిక దొరికితే సుత్తి పట్టుకుని రాళ్ళ వెంట తిరగడం. నాగపూర్ చుట్టుపక్కల నుంచి మా వైపు కోట, మలేరీ దాకా దొరికిన శిలాజాల గురించి లండన్ భూగర్భ శాస్త్రజ్ఞులకు రాసేవాడు. అదే మనిషి గోండుల ఊళ్ళలో కూర్చుని, వాళ్ళ పాటగాళ్ళైన ప్రధాన్లు పాడే లింగో పాటను విని రాయించుకున్నాడు. 1863లో పొంగిన వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. మిగిలిన రాతప్రతులను రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చు వేయించాడు. బైబిల్ చెప్పే సృష్టి, రాతిలోని చేప, గోండుల పుట్టుక పాట, మూడూ ఒకే మనిషి మేజా మీద ఉన్నాయి. చేపను చూసి పాటను చింపేయలేదు, పాటను విని చేపను పారేయలేదు.

ఆ పాటలో ఏముందంటే, మహాదేవుడు గోండులను గుహలో పెట్టి పెద్ద బండ అడ్డం వేస్తాడు. నలుగురు మాత్రం తప్పించుకుంటారు. గోండుల వీరుడు లింగో వచ్చి బండ తొలగించి అందరినీ బయటికి తెస్తాడు. దారిలో నది పొంగుతుంది. మొసలిని నమ్మి ఎక్కినవాళ్ళను అది ముంచబోతే, తాబేలు వాళ్ళను వీపు మీద ఎక్కించుకుని ఒడ్డు చేరుస్తుంది. ఆ తర్వాత లింగో వాళ్ళను గోత్రాలుగా విడదీస్తాడు. ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరి ఇంటి పిల్లను ఎవరు చేసుకోవచ్చు, ఎవరు తాబేలు జోలికి పోకూడదు అన్నవన్నీ అక్కడి నుంచే వస్తాయి. ఇందులో ఆకాశం ఎలా పుట్టిందో లేదు. మనం ఒకరికొకరం ఏమవుతాం, ఎవరికి రుణపడ్డాం అన్నదే దాని విషయం. దీన్ని భూగర్భశాస్త్రంతో పోల్చి తప్పు పట్టేవాడు పాట వినలేదన్నమాటే. ఇంకో ముచ్చట: ఒకప్పుడు దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న మహాఖండాన్ని శాస్త్రం పిలిచేది ఈ గోండుల పేరుతోనే, గోండ్వానా అని.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. "పుట్టుక" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు ప్రశ్నలను కలిపి ముడేస్తున్నాం. విశ్వం ఎలా మొదలైంది? ప్రాణం ఎలా మొదలైంది? ఒక ప్రాణి నుంచి ఇన్ని రకాల ప్రాణులు ఎలా వచ్చాయి? వీటిలో సైన్సు ఎక్కడ గట్టిగా నిలబడింది, ఎక్కడ ఇంకా తడుముతోంది అన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. డార్విన్‌ను ఒప్పుకోని పెద్దమనిషి "మొదటి జీవకణం ఎట్లా వచ్చిందో మీకే తెల్వదు గదా" అంటాడు. అది రెండో ప్రశ్న. దానికి జవాబు పూర్తిగా లేనంత మాత్రాన మూడోదాని జవాబు కూలిపోదు.

మొదటి ప్రశ్న. విశ్వం ఒకప్పుడు ఊహకందని వేడితో, సాంద్రతతో ఉండి, వ్యాకోచిస్తూ చల్లబడుతూ వచ్చిందని 1927, 1931లలో రాసినవాడు జార్జ్ లెమైత్ర. ఇప్పుడు బిగ్ బ్యాంగ్ అంటున్నది దాన్నే. బెల్జియం దేశస్థుడు, కాథలిక్ ఫాదర్. దూరపు గెలాక్సీలు మన నుంచి దూరంగా జరుగుతున్నాయని 1929లో హబుల్ చూపించాడు. బిగ్ బ్యాంగ్‌ను గట్టిగా కాదన్నవాళ్ళలో ఫ్రెడ్ హాయిల్, ఆయనతో కలిసి పనిచేసిన మన కొల్హాపూర్ బిడ్డ జయంత్ నార్లీకర్ ఉన్నారు. విశ్వానికి మొదలు లేదు, ఎప్పుడూ ఉన్నదే అన్నారు. ఎవరిది ఒప్పు? 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ ఒక పెద్ద యాంటెన్నాతో పనిచేస్తుంటే ఎటు తిప్పినా ఒకటే సన్నని రొద. అందులో పావురాలు వేసిన రెట్టలు కూడా కడిగి చూశారు, పోలేదు. అది విశ్వం తొలినాటి వేడి చల్లారగా మిగిలిన వెచ్చదనం, ఇప్పుడు పరమశూన్యం (అంతకన్నా చల్లబడడం కుదరని హద్దు) కన్నా 2.7 డిగ్రీలు పైన. దూరదర్శన్ రోజుల్లో స్టేషన్ రాకపోతే టీవీలో చుక్కలు గలగలలాడేవి గుర్తుందా? వాటిలో కొద్ది భాగం అదే. ఆ వెలుతురు బయల్దేరింది విశ్వం మొదలైన 3.8 లక్షల ఏళ్ళకు. దాన్ని కొలిచే విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్ళని తేల్చారు. నార్లీకర్ చివరిదాకా వేరే దారి వెతికారు. ఆయన మీద నాకున్న గౌరవం దానివల్ల రవ్వంత తగ్గలేదు. కానీ సాక్ష్యం ఆయన వైపు రాలేదు.

1951లో పోప్ పన్నెండవ పయస్ ఈ సిద్ధాంతం సృష్టికర్త ఉన్నాడనడానికి బలమిస్తోందని ప్రసంగించారు. చర్చి ఫాదర్ అయిన లెమైత్ర సంతోషించాలి కదా? సంతోషించలేదు. తన సిద్ధాంతం దేవుడున్నాడనీ లేడనీ చెప్పదని ఆయన అభిప్రాయం. రేపు లెక్క మారితే, దాని మీద ఆనించిన విశ్వాసం ఏమవుతుంది? పూజా పీఠం దగ్గరా, లెక్కల బల్ల దగ్గరా సమాన నిజాయితీతో కూర్చున్న మనిషికే ఇలాంటి భయం కలుగుతుంది.

మన దగ్గరా ఇదే పొరపాటు జరుగుతోంది. పోతన పద్యం తెలియని తెలుగు ఇల్లు ఉండదు: "లోకంబులు లోకేశులు లోకస్థులు తెగిన తుది నలోకంబగు పెంజీకటి కవ్వల నెవ్వం డేకాకృతి వెలుగు..." ఆ పెంజీకటే విశ్వం తొలిదశ అని వివరించే ఉపన్యాసాలు విన్నాను. ఆ తొలిదశలో చీకటి లేదు. వెలుతురు బయటికి పోలేనంత కిక్కిరిసిన వెలుగు ఉండేది. పైగా పద్యంలోని పెంజీకటి లోకాలు తెగిన తుదిలోది, అంటే ప్రళయం నాటిది. అసలు ఆ పద్యం ఎవరు పాడుతున్నారు? మొసలి నోట కాలు చిక్కి, ఒంట్లో బలం అయిపోయిన ఏనుగు. కాసేపటికి "కలడు కలండనెడి వాడు కలడో లేడో" అని సందేహపడేదీ అదే. దిక్కులేని ప్రాణి దిక్కు కోసం వేసిన కేకను భౌతికశాస్త్రం పాఠంగా మార్చితే ఆ కేక మనకు వినపడకుండా పోతుంది. ఖురాన్‌లో భూమ్యాకాశాలు కలిసి ఉండగా విడదీశామన్న వాక్యానికీ ఇలాంటి వివరణలే పుట్టుకొచ్చాయి. అక్కడా నా మాట ఇదే.

ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం మాత్రం ఈ తొందర పడదు. అప్పుడు లేమి లేదు, ఉనికీ లేదు అని మొదలుపెట్టి, ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు, దేవతలు కూడా దాని తర్వాత వచ్చినవాళ్ళే కదా అంటుంది. చివరికి పరమ వ్యోమంలో ఉండి చూసేవాడికి తెలుసు అంటుంది, ఆ వెంటనే "యది వా న వేద" అంటుంది. లేదా ఆయనకూ తెలియదేమో. బిగ్ బ్యాంగ్ లెక్క కూడా తొలి క్షణం దగ్గరికి పోయేకొద్దీ పనిచేయడం మానేస్తుంది. రెండూ ఒకటేనని నేను అనను. సూక్తం కొలతతో అక్కడికి పోలేదు. కానీ తెలియని చోట తెలియదనే ధైర్యం మూడు వేల ఏళ్ళ కిందటి నుంచీ మన సొత్తు.

రెండో ప్రశ్న, ప్రాణం. భూమి మీద జీవం ఉందనడానికి గట్టి ఆనవాళ్ళు సుమారు 350 కోట్ల ఏళ్ళ కిందటి నుంచి ఉన్నాయి. రసాయనాల నుంచే జీవం వచ్చి ఉంటుందని 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండ్‌లో జె.బి.ఎస్. హాల్డేన్ విడివిడిగా ప్రతిపాదించారు. 1953లో స్టాన్లీ మిల్లర్ గాజు పాత్రల్లో నీరు, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ పెట్టి మెరుపుల బదులు విద్యుత్ రవ్వలు పుట్టించాడు. వారం తిరక్కుండా నీళ్ళు రంగు మారాయి, ప్రొటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు కనిపించాయి. తొలినాటి గాలి సరిగ్గా అలా ఉండి ఉండదని ఆ తర్వాత చాలామంది అభిప్రాయపడ్డారు. అమైనో ఆమ్లం తయారవడం వేరు, తనను తానే నకలు చేసుకునే కణం తయారవడం వేరు. ఇటుకలు దొరికాయి, ఇల్లు కట్టిన తీరు ఇంకా తేలలేదు. బడిలో కూడా నేను ఇలాగే చెబుతాను. హాల్డేన్ 1957లో ఇండియాకు వచ్చేశాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. జీవం పుట్టుక గురించి ఆలోచించిన శరీరం మన తెలుగు పిల్లలకు పాఠమైంది.

మూడో ప్రశ్నకు జవాబు మా కాళ్ళ కిందే ఉంది. చేప, తాబేలు, వరాహం, నరసింహం, మనిషి... దశావతారాల వరసే పరిణామ సిద్ధాంతమన్న మాట కొత్తదేమీ కాదు, 1882లోనే కేశవచంద్ర సేన్ అన్నాడు. కోట పొరలను అడిగి చూద్దాం. అందులో చేపలున్నాయి. ఇండోకెలిస్ అనే తాబేలు ఉంది. ఎలుకంత పాలిచ్చే జంతువుల పళ్ళున్నాయి, వాటిలో ఒకదానికి కోటాథీరియం హాల్డేని అని మా కోట పేరూ, ఆ హాల్డేన్ పేరూ కలిపి పెట్టారు. రాక్షస బల్లులున్నాయి. అన్నీ ఒకే కాలంలో, ఒకే నీళ్ళ ఒడ్డున బతికాయి. చేప పోయి తాబేలు, తాబేలు పోయి మరొకటి రాలేదు. పరిణామం చెట్టు కొమ్మల్లా చీలుతుంది, క్యూలో నిలబడదు. అవతారాలేమో ఒకదాని కడుపున ఒకటి పుట్టినవి కావు. ప్రతిదీ ఒక ఆపదకు వచ్చింది. కూర్మం మందరగిరిని మోయడానికి వచ్చింది, దాని కథలో నాకు కావాల్సింది ఆ మోయడమే.

పొరల వరస కూడా చూడాలి, కిందకు పోయేకొద్దీ పాతవి. అడుగున సింగరేణి, బళ్ళార్‌పూర్ బొగ్గు, గ్లోసోప్టెరిస్ అనే ఎప్పుడో అంతరించిన చెట్టు ఆకుల ముద్రలతో. దాని పైన మలేరీ ఎర్రమన్ను. ఆ పైన కోట సున్నపురాయి. నూట ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ లోయలో బొగ్గు తవ్వుతున్నారు. ఆవులాంటి జంతువులు ఇంకా పుట్టని కాలం నాటి ఆ బొగ్గు పొరలో ఒక్క ఆవు పన్ను దొరికినా చాలు, మేం చెప్పేదంతా మళ్ళీ మొదటి నుంచి ఆలోచించుకోవాలి. తన మాట ఎప్పుడు తప్పవుతుందో ముందే చెప్పి ఒప్పుకోవడమే సైన్సు కట్టుకున్న నియమం. లింగో పాటకు, గజేంద్రుడి పద్యానికి అలాంటి షరతు పెట్టం, పెట్టకూడదు. ఆ షరతు పెట్టని మాటను సైన్సు అని పిల్లలకు చెప్పనూ కూడదు.

మే నెలలో నీళ్ళు బాగా తగ్గాక వాణ్ణి మా సిరోంచ తాలూకాలోని పోచంపల్లి వైపు తీసుకుపోయాను. రాయి చూడొచ్చు, తీయకూడదు అని ఇంట్లోనే మాట తీసుకున్నాను. 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇక్కడే బరపాసారస్ అనే రాక్షస బల్లి ఎముకలు తవ్వారు. దాదాపు 300 ఎముకలు, మనిషెత్తు తొడ ఎముకతో సహా. పెద్ద పెద్ద చెట్ల మాన్లు కూడా రాయిగా మారి వాటితో కలిసిపోయి ఉన్నాయి. గుంపు మొత్తం వరదలో కొట్టుకొచ్చి ఉంటుందని అనుకున్నారు. ఆ తవ్వకాలప్పుడు శతజయంతి జరుగుతున్న రవీంద్రుడి పేరును దానికి చేర్చి, 1975లో బరపాసారస్ టాగోరి అని పేరు పెట్టారు. సుమారు 14 మీటర్ల పొడవు, ఇప్పుడు కలకత్తాలో నిలబెట్టి ఉంది.

అవన్నీ చెప్పాక వాడు అడిగాడు, "తల ఎట్లుంటది మామా?"

"తల దొరకలేదురా. కొన్ని పళ్ళు దొరికినయి, గంతే."

వాడు చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఎర్రమట్టి గట్టు పక్కన వంగి, ఏదీ ముట్టుకోకుండా, ఒక్కో రాయినీ చూసుకుంటూ ముందుకు నడిచాడు.